జ్వరం తగ్గిన వేళ కూరగాయల కట్టు

2024 సెప్టెంబరులో బుడమేరు వరద తీసిన తరువాత, విజయవాడ సింగ్‌నగర్‌లోని మా ఇంట అమ్మ జ్వరపడింది. వైద్యుని మందులతో జ్వరం తగ్గినా అన్నం సహించలేదు. అప్పుడు ఆయుర్వేదంలో ‘యూషం’ అనే పలుచని కట్టు గుర్తుకు వచ్చింది.

గుప్పెడు పెసరపప్పు, సొరకాయ, బీరకాయ, ములక్కాడ ముక్కలు, కాస్త అల్లం, చిటికెడు పసుపు లీటరు నీటిలో వేసి, మూతపెట్టి సన్నని సెగపై మెత్తగా ఉడికించాను. మెదిపి వడగట్టి, మిరియాలు, జీలకర్ర పొడి, స్వల్పంగా ఉప్పు కలిపి గోరువెచ్చగా ఇచ్చాను. మూడవనాడు అమ్మే, “ఇంత అన్నం కలిపి పెట్టవే” అన్నది.

కూరగాయలలోని లవణాలు కొంత నీటిలోకి దిగుతాయి. ఆ నీటిని పారబోయరాదు. అందుచేతనే మూత్రపిండాల వ్యాధిగలవారు వైద్యుని అడిగి త్రాగాలి. కట్టు మందుకు బదులు కాదు. ఆకలికి తోడు మాత్రమే.