ఫోన్‌లో కాదు.. గోడ మీద!

మీ ఫోన్‌లో ఎన్ని ఫొటోలున్నాయి? నా దాంట్లో పదకొండు వేలు. ఇంట్లో గోడ మీద మాత్రం ఒక్కటీ లేదు.

మాది తాండూరు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అక్కడి స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఓసారి ఇండియన్ ఫొటోగ్రఫీ ఫెస్టివల్ చూశా. 2015లో హైదరాబాద్‌లో మొదలైందది. ఒక్క ఫొటో ముందే పది నిమిషాలు నిలబడిపోయా. అదే ఇన్‌స్టాలో అయితే రెండు సెకన్లలో స్క్రోల్ చేసేసేవాణ్ని!

ఐర్లాండ్ చిన్న దేశం. అయినా డబ్లిన్‌లో 1978 నుంచే ఫొటోల కోసం ఓ గ్యాలరీ ఉంది. ఇప్పుడది ఫొటో మ్యూజియం ఐర్లాండ్. అక్కడి ఫొటోగ్రాఫర్ల పనిని అక్కడి జనానికే చూపిస్తోంది. మరి మన ఊళ్లలో?

నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో బాపు పనిచేస్తుంటే తీసిన ఫొటోలన్నీ పాత ఫోన్‌తోపాటే పోయాయి. మిగిలింది ఒక్కటే, అప్పట్లో చెల్లికి వాట్సాప్‌లో పంపింది. సైజు తక్కువే అయినా మొన్న ఏ4లో ప్రింట్ వేయించా. రైల్లో వికారాబాద్ దాటి తాండూరు వచ్చేదాకా ఒళ్లోనే పెట్టుకున్నా.

బాపు చాలాసేపు చూసి, "గిది మా యూనిట్ల పెడ్తవా బిడ్డా? అందరు చూస్తరు" అన్నాడు.

ఈ దసరాకు అక్కడే పది ఫొటోలు పెడుతున్నా. మీరూ ఒక్కటి ప్రింట్ వేయించండి. అందులో ఉన్నవాళ్లకే ముందు చూపించండి.