కారు బ్యాటరీని మనమే మార్చుకొనుట

2018 సెప్టెంబరులో ఎల్బీనగరు, దిల్‌సుఖ్‌నగరుల మీదుగా మెట్రోరైలు నడచినది మొదలు ఇంటి కారు దినములకొలది కదలకుండుట కలదు. నిలిచిన బండిలో బ్యాటరీ బలము తఱుగును; మన యెండలు దాని యాయువును హరించును. దానిని మార్చుట మనకు అసాధ్యము కాదు. క్రమము మాత్రము తప్పరాదని మా మనవి.

ఇంజను ఆపి, చేతి గాజులు, ఉంగరములు తీసి, ముందు ఋణధ్రువపు (−) తీగను, పిదప ధనధ్రువపు (+) తీగను విప్పవలెను. ఏలయన, నేటి కార్లలో ఋణధ్రువము బండి చట్రముతో కలిసియుండును. దానిని విప్పకమునుపు ధనధ్రువమునంటిన పానా చట్రమునకు తగిలెనేని రవ్వలు లేచి, బ్యాటరీనుండి వెలువడు ఉదజనివాయువు ప్రేలవచ్చును. క్రొత్తదానిని అమర్చునపుడు ధనధ్రువమునే ముందు బిగింపవలెను.

పాతదానిలోని సీసము పసివారి బుద్ధిని మందగింపజేయు విషము. కావున దానిని ఇంట నుంచక దుకాణమునకే మరల నిండు. చెత్తలో కలుపరాదని 2022 నాటి కేంద్ర నిబంధనలును చెప్పుచున్నవి.