పొదపిగిలి, కొండ పొదపిగిలి: సంరక్షణ స్థితిలో వ్యత్యాసానికి కారణాలు

అలిపిరి వద్ద మొదలయ్యే శేషాచలం కొండల శ్రేణిలోని చిట్టడవులు, రాతి వాలులు పలు పిగిలి పిట్టలకు ఆవాసం. వీటిలో పొదపిగిలి, కొండ పొదపిగిలి అనే రెండూ పిక్నోనోటస్ ప్రజాతికి చెందినవే. రెండింటి పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. పండ్లు, కీటకాలు వీటి ఆహారం. అయినను అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య ఎర్ర జాబితాలో పొదపిగిలి ముప్పు లేని జాతిగాను, కొండ పొదపిగిలి ముప్పునకు లోనైన జాతిగాను నమోదైనవి.

పొదపిగిలి గోధుమ ఛాయ గల ఆకుపచ్చ రంగులో ఉంటుంది. కంటిపై తెల్లని కనుబొమ చార దీని గుర్తు. కొండ పొదపిగిలికి ఈ చార ఉండదు. తల పసుపుపచ్చగా, గొంతు మెరిసే పసుపు రంగులో, ఉదరం బూడిద రంగులో ఉంటాయి.

ఈ రెండు జాతుల భవితవ్యాన్ని వేరుచేస్తున్నది ఆవాసమే. పొదపిగిలి దక్షిణ భారతదేశంతో పాటు శ్రీలంకలోనూ విస్తరించింది. పొలం గట్ల పొదలు, తోటలు, ఊరి చివర చిట్టడవి దీనికి చాలును. కొండ పొదపిగిలి దక్షిణ భారత ద్వీపకల్పానికే పరిమితం. పెద్ద బండరాళ్ల మధ్య పొదలు పెరిగిన కొండవాలులు, లోయలే దీని నివాసం. శేషాచలంతో పాటు హార్స్‌లీ కొండలు, కర్ణాటకలోని నంది కొండలు దీనికి పేరొందిన స్థావరాలు. ఇట్టి గుట్టలు మైదానాల నడుమ దీవుల వలె విడివిడిగా ఉన్నందున, ఒక గుట్టపై నశించిన పక్షుల స్థానాన్ని వేరొక గుట్ట పక్షులు భర్తీ చేయుట కష్టం.

గ్రానైట్ తవ్వకాలు, వంటచెరకు నరకడం, కార్చిచ్చు దీనికి ప్రధాన ముప్పులు. పొదలు తిరిగి మొలకెత్తవచ్చు గాని, పగులగొట్టిన బండ మరల ఏర్పడదు.

శేషాచలం 2010లో జీవావరణ పరిరక్షణ కేంద్రంగా ప్రకటితమైనది. ఆ పరిధికి వెలుపల ఉన్న గ్రామ గుట్టల విషయంలో విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర కీలకం. వీటిని నిరుపయోగ బంజరుగా భావించి చదును చేయించే ప్రతిపాదనలను పునఃపరిశీలించాలి. కొత్త గడ్డి కోసం వేసవిలో గుట్టలకు నిప్పు పెట్టవద్దని పశుపోషకులకు వివరించాలి. క్షేత్ర సర్వేలలో రెండు జాతులనూ ‘పిగిలి’ అనే ఒకే పేరుతో లెక్కించరాదు. అట్లు లెక్కించినచో పొదపిగిలి సమృద్ధి వెనుక కొండ పొదపిగిలి క్షీణత కనిపించకుండా పోవును.