పాత డిజిటల్ రికార్డర్‌కు బయటి డ్రైవ్‌ను జతచేయడం

7.1 పరిచయం

టేపు రికార్డర్లకూ, ఇప్పుడు కంప్యూటర్ మీద చేస్తున్న రికార్డింగ్‌కూ మధ్య ఒక తరం యంత్రాలు వచ్చాయి. ఇవి ధ్వనిని అంకెలుగా మార్చి తమలోని హార్డ్ డిస్క్ మీద రాసుకుంటాయి. అందుకే వీటిని హార్డ్ డిస్క్ రికార్డర్లు అంటారు. రోలాండ్ సంస్థ 1996లో తెచ్చిన విఎస్-880, అకాయ్ వారి డిఆర్ శ్రేణి, అలెసిస్ 2001లో తెచ్చిన ఎడాట్ హెచ్‌డి24 ఈ తరానికి చెందినవి. ఇటువంటి యంత్రం మీకు ఏ చిన్న స్టూడియోలోనో, కళాబృందం వారి ఇంటి బీరువాలోనో కనిపించవచ్చు. స్విచ్ వేస్తే ఇప్పటికీ వెలుగుతుంది, ధ్వని కూడా బాగానే ఉంటుంది. కానీ లోపల తిరిగే డిస్క్ వయసు పాతికేళ్లు.

“స్థలం చాలడం లేదు, పెద్ద డ్రైవ్ తగిలించవచ్చా?” అని దీని యజమాని మిమ్మల్ని అడుగుతారు. తగిలించవచ్చు. ఎలాగన్నది ఈ భాగంలో నేర్చుకుంటారు. అయితే అడిగినవారికి సాధారణంగా తట్టని సంగతి ఒకటుంది. ఆ డిస్క్ మీద ఉన్నవి మామూలు వేవ్ ఫైళ్లు కావు. ఆ యంత్రానికి మాత్రమే అర్థమయ్యే పద్ధతిలో రాసినవి. డిస్క్‌ను తీసి కంప్యూటర్‌కు తగిలిస్తే పాటలు కనబడవు. కాబట్టి యంత్రం ఆగిపోయిందంటే పాటలూ పోయినట్టే. బయటి డ్రైవ్‌ను స్థలం కోసం జతచేసే పనిగా కాక, ఆ పాటలకు బయటికి దారి వేసే పనిగా చూస్తే, ఏది ముందు ఏది వెనుక చేయాలో మీకే తెలుస్తుంది.

7.2 ఎంత స్థలం కావాలి?

ఒక బుర్రకథ దళాన్ని రికార్డు చేస్తున్నారనుకుందాం. కథకుడి గొంతుకు ఒక మైకు, తంబురాకు ఒకటి, ఇద్దరు వంతల గొంతులకు రెండు, వారి గుమ్మెటలకు రెండు. మొత్తం ఆరు ట్రాక్‌లు. 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ పద్ధతిలో కుదింపు లేకుండా రాస్తే ఒక్కో ట్రాక్ సెకనుకు 88,200 బైట్లు, అంటే నిమిషానికి సుమారు 5.29 మెగాబైట్లు తీసుకుంటుంది. ఆరు ట్రాక్‌లకు నిమిషానికి 31.75 మెగాబైట్లు. రెండున్నర గంటల కథకు దాదాపు 4,760 మెగాబైట్లు కావాలి.

ఈ రోజుల్లో ఇది లెక్కలోకి రాని సంఖ్య. కానీ ఆ కాలపు యంత్రాలలో చాలావరకు డిస్క్‌లో ఒక భాగం 2 గిగాబైట్లను మించితే గుర్తించలేవు. వీటి గిగాబైటును 1024 లెక్కన కడతారు కాబట్టి ఆ భాగం అసలు పరిమాణం సుమారు 2,147 మెగాబైట్లు. మన దళానికి అది 67 నిమిషాలే సరిపోతుంది. పెద్ద డ్రైవ్ తగిలించినా యంత్రం దాన్ని ముక్కలుగా విభజించి, ఒక్కో ముక్కను ఒక్కో విడి డ్రైవ్‌గా చూపుతుంది. ఒక కథ రెండు ముక్కల మీదికి పాకదు. అందుచేత ఎక్కడ విరామం ఇవ్వాలో కళాకారులతో ముందే మాట్లాడుకోండి. ఆవేశంగా సాగుతున్న యుద్ధఘట్టం మధ్యలో “స్థలం లేదు” అన్న సందేశం వస్తే కథకుడి ముఖం ఎలా ఉంటుందో ఊహించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: నాలుగు ట్రాక్‌లను 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పద్ధతిలో ఒక గంట రికార్డు చేయాలి. 2 గిగాబైట్ల భాగంలో పడుతుందా? (ఒక ట్రాక్‌కు సెకనుకు 1,44,000 బైట్లు. నాలుగింటికి గంటకు సుమారు 2,074 మెగాబైట్లు. పడుతుంది, కానీ మిగిలేది రెండు నిమిషాల చోటే.)

7.3 కొత్తది తగిలించే ముందు పాతది బయటికి తీయండి

డిస్క్ నుంచి టక్ టక్‌మనే చప్పుడు వస్తున్నా, యంత్రం మొదలు కావడానికి మునుపటికన్నా ఎక్కువసేపు పడుతున్నా ఇతర ప్రయోగాలన్నీ ఆపేయండి. ఏ రికార్డింగ్ మళ్లీ దొరకదో దానితో మొదలుపెట్టండి. గాయకుడు చనిపోయి ఉంటే ఆయన పాటే మొదటిది.

ఎక్కువ నమ్మదగిన దారి యంత్రం వెనుకనున్న డిజిటల్ అవుట్. విఎస్-880లో ఇది కొయాక్సియల్ రకం, ఒకసారికి రెండు ఛానెళ్లను పంపుతుంది. రెండు ట్రాక్‌లను ఎంచుకుని, ఒకదాన్ని పూర్తిగా ఎడమకు, మరొకదాన్ని పూర్తిగా కుడికి తిప్పండి. ఈక్వలైజర్, ఎఫెక్టులు తీసేయండి. కంప్యూటర్‌కు తగిలించిన ఆడియో ఇంటర్‌ఫేస్‌ను బయటి క్లాక్‌ను అనుసరించేలా పెట్టండి. రెండు పరికరాలు వేర్వేరు క్లాక్‌ల మీద నడిస్తే టిక్కు టిక్కుమనే శబ్దాలు దూరుతాయి. ఆ తరువాత మొదటి నుంచి చివరి వరకు వాయించి కంప్యూటర్ మీద రికార్డు చేయాలి. ఆరు ట్రాక్‌లంటే మూడు విడతలు, మన రెండున్నర గంటల కథకు ఏడున్నర గంటలు. విసుగు పుట్టించే పనే, కానీ డిస్క్ మీద ధ్వనిని ఏ కుదింపుతో రాసినా బయటికి వచ్చేసరికి విప్పిన ధ్వనిగానే వస్తుంది.

విడివిడిగా వచ్చిన జంటలను తరువాత కలపాలి. క్లాక్ ఒకటే కనుక మధ్యలో జారిపోవడం ఉండదు, మొదలును సరిపెడితే చాలు. అందరూ ఒకేచోట కూర్చుని పాడిన రికార్డింగ్ అయితే గుమ్మెట మీద మొదటి దెబ్బ అన్ని మైకుల్లోనూ ఎంతోకొంత పడి ఉంటుంది. దాన్ని గుర్తుగా తీసుకుని, చివరి సవరణ చెవితో చేయండి.

ఇక్కడ చాలామంది మరిచిపోయేది వర్చువల్ ట్రాక్‌లను. విఎస్-880లో ఎనిమిది ట్రాక్‌లుంటే ఒక్కోదాని వెనుక ఎనిమిది చొప్పున, మొత్తం 64 దాగి ఉండవచ్చు. పైకి వినిపించే పాట వెనుక అదే గాయని మరోసారి పాడిన వరస ఉండవచ్చు. ప్రతి ట్రాక్ కిందా ఏముందో తెరచి చూసి, కాగితం మీద రాసుకోండి.

7.4 స్కజీ గొలుసు

ఈ యంత్రాలకు యుఎస్‌బి రంధ్రం ఉండదు. బజారులో “యుఎస్‌బి నుంచి స్కజీకి” అంటూ దొరికే కేబుళ్లు పాత స్కజీ డ్రైవ్‌ను కంప్యూటర్‌కు తగిలించడానికి చేసినవి. వాటిని తిరగేసి యుఎస్‌బి డ్రైవ్‌ను రికార్డర్‌కు కలపలేరు. డబ్బు పెట్టాక తెలుసుకునేకన్నా ముందే తెలియడం మంచిది.

స్కజీ అనేది చాలా పరికరాలను ఒకదాని తరువాత ఒకటిగా గొలుసులా కలిపే పద్ధతి. రికార్డర్ వెనుక సాధారణంగా 25 పిన్నుల సాకెట్ ఉంటుంది. పాత కంప్యూటర్లలో ప్రింటర్‌కు వాడిన సాకెట్ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. కేబుల్ సరిపోయింది కదా అని ఒకదాన్ని మరొకదానికి కలిపితే లోపలి సర్క్యూట్లు దెబ్బతినవచ్చు. అయోమెగా జిప్ డ్రైవ్ కొనేటప్పుడు ఇది మరీ ముఖ్యం. నీలం రంగు జిప్ డ్రైవ్ ప్రింటర్ పోర్టు రకంలోనూ, స్కజీ రకంలోనూ వచ్చింది. ఎదురుగా చూస్తే రెండూ ఒకటే. వెనుక ఐడి 5 లేదా 6 ఎంచుకునే మీట, టెర్మినేషన్ మీట ఉంటే అది స్కజీ రకం.

గొలుసులోని ప్రతి పరికరానికీ 0 నుంచి 7 లోపు ఒక ఐడి అంకె ఉండాలి, ఏ రెండింటికీ ఒకే అంకె ఉండకూడదు. రికార్డర్ సాధారణంగా 7ను తనకు ఉంచుకుంటుంది. ఒక వీధిలో రెండిళ్లకు ఒకే డోర్ నంబరు ఉంటే పోస్ట్‌మన్ పడే అవస్థే ఇక్కడా కలుగుతుంది. యంత్రం రెండింటిలో ఏదో ఒకదాన్నే చూస్తుంది, లేదా మొదలవుతూనే ఆగిపోతుంది.

రెండో నియమం టెర్మినేటర్. బావిలోకి అరిస్తే అరుపు గోడకు తగిలి తిరిగి వస్తుంది కదా, కేబుల్ చివర చేరిన విద్యుత్ సంకేతం కూడా అలాగే వెనక్కి వచ్చి తరువాతి సంకేతంతో కలిసి గందరగోళం చేస్తుంది. ఆ ప్రతిధ్వనిని మింగేసేది టెర్మినేటర్. అది గొలుసు రెండు కొసలలోనూ ఉండాలి, మధ్యలో ఉండకూడదు. రికార్డర్ ఒక కొసన ఉంటే దానిలో ఇది సాధారణంగా ముందే అమర్చి ఉంటుంది. మీరు చివరి డ్రైవ్‌లో దాన్ని ఆన్ చేసి, మధ్యవాటిలో ఆఫ్ చేయాలి. ఇది సరిగా లేకపోయినా గొలుసు ఒక్కోసారి పనిచేస్తుంది. అసలు ప్రమాదం అదే. పది నిమిషాలు బాగా నడిచి, పదకొండో నిమిషంలో ఒక ట్రాక్ మీద చిటపటలు రాస్తుంది.

కేబుల్ పొడవు కూడా చూడండి. సెకనుకు 5 మెగాబైట్ల వేగంతో నడిచే పాత స్కజీకి గొలుసు మొత్తం 6 మీటర్లు, 10 మెగాబైట్ల ఫాస్ట్ స్కజీకి 3 మీటర్లు గరిష్ఠం. ఒక మీటరు లోపు మందపాటి కేబుల్ వాడితే ఈ చింతే ఉండదు. యంత్రాలు ఆన్‌లో ఉండగా కేబుల్ పీకడం, పెట్టడం ఎన్నడూ చేయకండి. రికార్డర్ బోర్డు మీద ఒక చిన్న ఫ్యూజ్ కాలిపోవచ్చు, దాన్ని మార్చాలంటే యంత్రం మొత్తం విప్పాలి.

స్విచ్‌లకూ ఒక వరుస ఉంది. ముందు బయటి డ్రైవ్, అది పూర్తిగా తిరగడం మొదలయ్యాక రికార్డర్. రికార్డర్ మొదలయ్యే క్షణంలోనే గొలుసులో ఎవరెవరున్నారో చూసుకుంటుంది. ఆపేటప్పుడు షట్‌డౌన్ ఆదేశం ఇచ్చి, ముందు రికార్డర్‌ను, తరువాత డ్రైవ్‌ను ఆపాలి. రెండింటికీ ఒకే బోర్డు నుంచి, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గుల ద్వారా కరెంటు ఇస్తే హమ్ శబ్దం వచ్చే అవకాశం తగ్గుతుంది. కరెంటు పోయే చోట యుపిఎస్ తప్పనిసరి. రాస్తున్నప్పుడు కరెంటు పోతే నష్టపోయేది ఆ ఒక్క పాటే కాదు, డిస్క్ మీది విషయసూచిక కూడా చెడవచ్చు.

7.5 ఏ డ్రైవ్ కొనాలి?

పాత స్కజీ హార్డ్ డిస్క్‌లు ఇంకా దొరుకుతాయి. కానీ పాతికేళ్ల డిస్క్‌కు బదులు మరో పాతికేళ్ల డిస్క్ కొనడంలో అర్థం తక్కువ. లేబుల్ మీద హెచ్‌విడి లేదా డిఫరెన్షియల్ అని ఉన్నదాన్ని అసలు కలపకండి, యంత్రానికే హాని. ఎల్‌విడి రకం పనిచేయవచ్చు కానీ దానిలో సొంత టెర్మినేటర్ ఉండదు, విడిగా పెట్టాలి. తొలి రకం జిప్ డిస్క్‌లో పట్టేది 100 మెగాబైట్లే. మన ఆరు ట్రాక్‌లకు మూడు నిమిషాలు. పైగా నెమ్మది. దాన్ని వాడితే అప్పటికే జిప్ డిస్క్‌ల మీద ఉన్న పాత పాటలను చదవడానికి మాత్రమే వాడండి.

నా సలహా మెమరీ కార్డు వాడే స్కజీ బోర్డు. స్కజీ2ఎస్‌డి, బ్లూస్కజీ, జులుస్కజీ అనే పేర్లతో దొరికే ఈ చిన్న బోర్డులు ఎస్‌డి కార్డును రికార్డర్‌కు హార్డ్ డిస్క్‌లా చూపుతాయి. బ్లూస్కజీ, జులుస్కజీ రకాల్లో కార్డు మీద ఒక పెద్ద ఫైల్ తయారుచేసి, దాని పేరులోనే ఐడి అంకె ఇస్తే చాలు. 32 గిగాబైట్ల కార్డు అయినా ఆ ఫైల్‌ను యంత్రం గుర్తించే పరిమాణానికే చేయండి. కొన్ని రికార్డర్లు స్కజీ తీగలోంచి ఈ బోర్డుకు కరెంటు ఇవ్వవు, అప్పుడు విడిగా 5 వోల్టులు ఇవ్వాలి. కార్డు చవక రకమైతే రాసేటప్పుడు మధ్యమధ్య క్షణకాలం తడబడుతుంది, “డ్రైవ్ టూ బిజీ” వంటి సందేశం వస్తుంది. ఆరు ట్రాక్‌లకు కావలసింది సెకనుకు అర మెగాబైటు పైచిలుకే. కాబట్టి ఇబ్బంది సగటు వేగంతో కాదు, ఆ తడబాటుతో.

దీని అసలు లాభం వేరే ఉంది. రికార్డర్ డ్రైవ్ మొత్తం కార్డు మీద ఒక ఫైల్‌గా ఉంటుంది. కార్డును కంప్యూటర్‌లో పెట్టి ఆ ఫైల్‌ను కాపీ చేస్తే, అందులోని రాత కంప్యూటర్‌కు అర్థం కాకపోయినా ప్రతి బైటూ భద్రంగా ఉంటుంది. లోపలి డిస్క్ పాటలను రికార్డర్ కాపీ ఆదేశంతో ఈ కార్డుకు పంపవచ్చు. వర్చువల్ ట్రాక్‌లూ, ఎడిటింగ్ గుర్తులూ వాటితోపాటే వస్తాయి.

హెచ్‌డి24 వంటి యంత్రాలకు స్కజీ ఉండదు, ముందువైపు తీసిపెట్టుకునే ఐడిఇ డ్రైవ్‌లుంటాయి. వాటిని నేరుగా మార్చుకోవడమే. ఆ పాటలను వెనుకనున్న నెట్‌వర్క్ సాకెట్ ద్వారా కంప్యూటర్‌కు పంపవచ్చు కూడా, కాస్త నెమ్మదిగా.

7.6 ఇనిషియలైజ్

కొత్త డ్రైవ్‌ను యంత్రం తన పద్ధతిలో సిద్ధం చేసుకోవాలి. ఆ ఆదేశమే ఇనిషియలైజ్. అది డ్రైవ్ మీదున్న సమస్తాన్నీ చెరిపేస్తుంది. చిన్న తెర మీద డ్రైవ్ పేర్లకు బదులు అంకెలు మాత్రమే ఉంటాయి, వేలు ఒక్క గడి జారితే చెరిగేది లోపలి డిస్క్. ఆ తప్పు నేనూ ఒకసారి చేశాను. పోయింది నా సొంత సాధన పాటలే కనుక ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసి రాలేదు.

అందుకే 7.3లోని పని పూర్తయి, బయటికి తీసిన ఫైళ్లను కంప్యూటర్ మీద విని చూసేవరకు ఈ ఆదేశం జోలికి వెళ్లకండి. లోపలి డిస్క్‌ను తీయగలిగే యంత్రమైతే, కరెంటు ఆపి దాన్ని తీసి పక్కన పెట్టి ప్రయత్నించండి. డిస్క్ లేకుండా యంత్రం మొదలైతే పొరబాటుకు తావే ఉండదు. తీయలేనిదైతే బయటి డ్రైవ్ ఐడి ఎంతో కాగితం మీద రాసి తెర పక్కన అంటించుకోండి. ‘అవును’ మీట నొక్కే ముందు పక్కనున్న మరొకరిచేత ఆ అంకె పైకి చదివించండి.

తరువాత పరీక్ష. దళం రాకముందే, మీకు కావలసినన్ని ట్రాక్‌లనూ ఒకేసారి ఆన్ చేసి, రేడియో ధ్వనినో మరొకదాన్నో అన్నింటిలోకీ పంపి అరగంట రికార్డు చేయండి. షట్‌డౌన్ చేసి, కేబుల్‌ను కదపకుండా మళ్లీ మొదలుపెట్టి, ఒక్కో ట్రాక్‌ను ఇయర్‌ఫోన్‌తో చివరి వరకు వినండి. చిటపటలు వినిపిస్తే ముందు టెర్మినేటర్‌ను, తరువాత కేబుల్‌ను, చివరగా కార్డును అనుమానించండి. అన్నీ సరిగా ఉంటే కార్డును తీసి, దానిలోని ఫైల్‌ను కంప్యూటర్‌కు ఒకసారీ, వేరేచోట ఉంచే మరో డిస్క్‌కు ఒకసారీ కాపీ చేసుకుని, అప్పుడు దళాన్ని పిలవండి.