హంపీలో కాలినడక: కాలువ గట్ల వెంట, ఊళ్ల మధ్యగా

కర్ణాటకలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో హంపీ చూడనివాళ్లు అరుదు. ఊరి నుంచి చుట్టాలొస్తే మనం తీసుకెళ్లి చూపించే చోటు అదే. పొద్దున్నే హోస్పేటలో టిఫిను, వ్యాను ఎక్కడం, విరూపాక్షుడి దర్శనం, రాతి రథం దగ్గర ఫొటో, కమల మహలు, ఏనుగుల కొట్టాలు, సాయంత్రానికి తుంగభద్ర ఆనకట్ట, రాత్రికి రైలు. ఒక్క రోజులో ఇరవై కట్టడాలు చూశామన్న తృప్తి మిగులుతుంది. కాని ఒక కట్టడానికీ ఇంకో కట్టడానికీ మధ్య ఏముందో వ్యాను కిటికీలోంచి తెలియదు. ఈ వ్యాసంలో నేను చెప్పబోయేది ఆ మధ్యలో ఉన్నదాన్ని గురించే.

ఉద్యోగరీత్యా నాలుగేళ్లు గంగావతిలో ఉన్నాను. ఇల్లాలూ పిల్లలూ బెంగళూరులో, నేను ఒక అద్దె గదిలో. ఆదివారం పూట చేసే పనేమీ లేక నడక మొదలుపెట్టాను. తరవాత తరవాత ఆదివారం కోసం ఎదురుచూడటం అలవాటైపోయింది.

హంపీ అనగానే మనకు పాడుబడ్డ నగరం గుర్తొస్తుంది. నిజానికి అది నిండా మనుషులున్న ప్రాంతం. 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఆ వారసత్వ ప్రాంతంగా గుర్తించిన 236 చదరపు కిలోమీటర్లలో 29 ఊళ్లున్నాయి. నదికి దక్షిణాన హంపీ, కమలాపురం, కడ్డిరాంపుర, బుక్కసాగర, ఉత్తరాన ఆనెగొంది, సాణాపుర వగైరా. ఈ ఊళ్లను కలిపే డొంకలూ కాలువ గట్లే మనకు నడక దారులు. ఎవరో బోర్డులు పాతి కట్టిన దారులు కావివి. పొలానికి పోయే రైతు, బడికి పోయే పిల్లలు, మేకలు నడిచే దారులు.

మొదటిసారి వెళ్లేవాళ్లు నది వెంబడి దారితో మొదలుపెట్టాలి. విరూపాక్ష దేవాలయం ముందున్న బజారు వీధి చివర ఒంటిరాతి నంది ఉంటుంది. అక్కడి నుంచి ఎడమవైపు గుండ్ల మధ్యగా దిగితే చక్రతీర్థం, కోదండరామాలయం వస్తాయి. అక్కడ నుంచి నదిని ఎడమచేతి పక్కనే పెట్టుకుని నడిస్తే సుగ్రీవుడి గుహ, సీతమ్మ చీర చెరగు ఆనవాలని చెప్పుకునే చారలున్న బండ, పురందర మంటపం, రాయల తులాభారం తూచారని చెప్పే రాతి కమాను, చివరికి విఠలాలయం. మొత్తం రెండు కిలోమీటర్లు ఉంటుందేమో. వ్యానులో వచ్చినవాళ్లు రోడ్డు మీదుగా చుట్టుతిరిగి, బ్యాటరీ బండికి వరసలో నిలబడి చేరే విఠలాలయానికి మనం వెనకవైపు నుంచి, నది గాలి తగులుతూ చేరతాం. పురందర మంటపం దగ్గర నది మధ్యలో వరసగా రాతి స్తంభాలు కనబడతాయి, ఆగి చూడండి. అవతలి ఒడ్డుకు విజయనగరంవాళ్లు కట్టిన వంతెన తాలూకు స్తంభాలవి. వానాకాలంలో ఆనకట్ట గేట్లు ఎత్తితే ఈ మంటపమూ స్తంభాలూ మునిగిపోతాయి. అప్పుడు ఈ దారి పెట్టుకోకండి.

నాకు మాత్రం అన్నిటికంటె ఇష్టమైనది రెండో దారి, హంపీ నుంచి కమలాపురం దాకా అరటి తోటల మధ్య నుంచి వెళ్లేది. ఇక్కడ తుర్తు కాలువ పారుతుంది. విజయనగరం నాటిది, నేటికీ పారుతోంది. నదికి అడ్డంగా గుండ్లతో కట్టిన పాత ఆనకట్ట నీటిమట్టాన్ని కాస్త పైకెత్తి కాలువలోకి మళ్లిస్తుందే తప్ప నదిని పూర్తిగా ఆపదు. గేట్లు లేవు, మోటార్లు లేవు. నేల వాలును బట్టి నీరు తనంతట తాను తోటలదాకా పోతుంది. సామ్రాజ్యం 1565లో కూలింది. రాజభవనాలు పునాదులుగా మిగిలాయి, అంగళ్లు ఖాళీ అయ్యాయి. ఈ కాలువ కింద మాత్రం అరటి, చెరకు, వరి పండుతూనే ఉన్నాయి. రాతి రథాన్ని చూసి మనం గర్విస్తాం, మంచిదే. కాని ఇన్ని వందల ఏళ్లుగా ఏటేటా ఫలితమిస్తున్న రాయల కాలపు పెట్టుబడి చూపించమంటే నేను ఈ కాలువ గట్టు మీదికి తీసుకొస్తాను. ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పేచోట, రాజ్యం చిన్నదైనా చెరువులూ కాలువలూ తవ్వించి పేదరైతుకు పన్నులో వెసులుబాటిస్తే సంపద పెరుగుతుందని కృష్ణదేవరాయలు చెప్పాడు. ముప్పయ్యేళ్లు వ్యవసాయ రుణాలు చూసినవాడిని, ఆ మాటకు నేను చేర్చగలిగింది ఏమీ లేదు.

ఈ దారిలోనే కృష్ణాలయం ఉంది. నెల్లూరు జిల్లా ఉదయగిరి కోటను 1514లో గజపతుల నుంచి గెలుచుకుని, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తెచ్చి రాయలు 1515లో ఈ గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. తమిళనాడులో ఉన్న మన పాఠకులు దాన్ని అక్కడే చూడవచ్చు. గుడికి ఎదురుగా ఉన్న పాత బజారు చాలా ఏళ్లు అరటి తోటల కింద ఉండేది.

విఠలాలయం దాటి తళారిఘట్ట రేవుకు నడిస్తే పుట్టి దొరుకుతుంది. కన్నడంలో హరిగోలు, మన పాత తెలుగులో అరిగోలు. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేయిస్, బుట్టలా గుండ్రంగా ఉండే తోలు పడవల్లో మనుషులూ పశువులూ నది దాటడాన్ని వర్ణించాడు. ఇప్పుడు తోలు స్థానంలో ప్లాస్టిక్ పట్టా, తారు వచ్చాయి, ఆకారం మాత్రం మారలేదు. ఇక్కడ ఒక వంతెన కట్టబోయారు. వారసత్వ ప్రాంతంలో వంతెనలు కడుతున్నారన్న కారణంగానే 1999లో యునెస్కో హంపీని ప్రమాదంలో ఉన్న వాటి జాబితాలో చేర్చింది. 2006లో తీసేసింది. 2009 జనవరిలో ఆ వంతెన పని జరుగుతుండగానే కూలి కార్మికులు చనిపోయారు. తరవాత దూరంగా బుక్కసాగర, కడేబాగిలు మధ్య వేరే వంతెన వచ్చింది.

అవతలి ఒడ్డు ఆనెగొంది. ఏనుగుల గుంట అని పేరుకు అర్థం చెబుతారు. విజయనగరం కంటె పాతది, నేటికీ బతికున్న ఊరు. కోట వాకిలి దాటి లోపలికొస్తే నడివీధిలో గగన మహలు, దగ్గర్లోనే రంగనాథస్వామి గుడి, వాటి చుట్టూ మట్టి మిద్దెలు, ఎత్తైన అరుగులు. ఆ అరుగు మీద కూర్చున్న ఒక అజ్జి నన్ను ఏ ఊరని అడిగింది. గంగావతిలో ఉంటానంటే, “క్యాంపువాళ్లా?” అంది.

ఆ ప్రశ్న మనవాళ్లకు అర్థమవుతుంది, మిగిలిన రాష్ట్రాల పాఠకుల కోసం వివరిస్తాను. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి ఎడమ కాలువకు నీళ్లొచ్చాక కోస్తా జిల్లాల రైతులు గంగావతి, కారటగి, సింధనూరు చుట్టుపక్కల మెట్ట భూములు కొనుక్కుని, గుడిసెలు వేసుకుని, వరి మడులు చేశారు. ఆ నివాసాలకు క్యాంపులని పేరు పడింది. గుడిసెలు పోయి డాబాలూ రైసు మిల్లులూ వచ్చినా పేరు క్యాంపే. అక్కడి మూడో తరం పిల్లలు కన్నడంలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, ఇంజనీరింగుకు బెంగళూరు పోతున్నారు. ఆనెగొంది పది పన్నెండు కిలోమీటర్లే అయినా, మా బ్రాంచికి వచ్చే క్యాంపు కుర్రాళ్లలో అంజనాద్రి మెట్లెక్కినవాళ్లే గాని ఆ ఊరి వీధుల్లో నడిచినవాళ్లు నాకు ఇద్దరో ముగ్గురో తగిలారు. మన పెద్దలు వచ్చింది నీళ్లను నమ్ముకుని. ఇదే నది నీళ్లను అంతకు ఆరు వందల ఏళ్ల ముందే కాలువల్లోకి మళ్లించినవాళ్ల ఊరు పక్కనే ఉందని పిల్లలకు చెప్పాల్సింది మనమే.

ఇక కష్టమైన సంగతి. రాళ్లను కాపాడాలి, అందులో రెండో మాట లేదు. కాని రాళ్ల పక్కన మనుషులున్నారు. హంపీ బజారు మంటపాల్లో ఏళ్లతరబడి కాపురాలూ కొట్లూ పెట్టుకున్న కుటుంబాలను 2011 జులైలో ఖాళీ చేయించి, నిర్మాణాలు పడగొట్టారు. వాళ్లకు కడ్డిరాంపుర వైపు స్థలాలు చూపించారు. 2020లో సుప్రీంకోర్టు తీర్పు తరవాత విరూపాపురగడ్డె వసతి గృహాలు పోయాయి. డబ్బు చేసుకోవడానికి అడ్డగోలుగా కట్టినవాటిని గురించి నాకు జాలి లేదు. మంటపంలో టీ కొట్టు పెట్టుకున్నవాడినీ, నది ఒడ్డున రిసార్టు కట్టినవాడినీ ఒకే తక్కెడలో పెట్టడం మాత్రం నాకు నచ్చదు.

గృహరుణం కోసం మా బ్యాంకుకు ఒక రైతు వచ్చాడు. మట్టి మిద్దె కారుతోంది, కొడుకు పెళ్లి దగ్గరపడింది, స్లాబు వేసుకోవాలి. ఈ పరిధిలో ఇల్లు కట్టాలన్నా మార్చాలన్నా వారసత్వ నిబంధనల ప్రకారం అనుమతి కావాలి. అనుమతి పత్రం లేనిదే బ్యాంకు అప్పివ్వదు. మూడు వానాకాలాలు ఆ ఇల్లు టార్పాలిన్ కిందే గడిచింది. కొడుకు పెళ్లి చేసుకుని గంగావతిలో అద్దెకు దిగాడు. ఇలా ఒక్కొక్క ఇల్లే ఖాళీ అయితే మిగిలేది ఊరు కాదు, ఇంకో శిథిలం. అక్కడక్కడ దీనికి మందు కూడా కనబడుతోంది. పాత మిద్దెలనే బాగుచేసి యాత్రికులకు అద్దెకిచ్చే ఇళ్లు ఆనెగొందిలో ఉన్నాయి. కిష్కింద ట్రస్టు చొరవతో ఊరి ఆడవాళ్లు అరటి నారతో బుట్టలూ సంచులూ అల్లుతున్నారు. ఈసారి హోస్పేటలో హోటలు గది బదులు ఒక రాత్రి ఊళ్లో ఉండండి. జొన్నరొట్టె, వేరుశనగ చట్నీ పెడతారు. ఆ ఇంటి కప్పు నిలబడటానికి మీ డబ్బు నేరుగా అందుతుంది.

నడక అలవాటున్నవాళ్లు, మోకాళ్లు సహకరించేవాళ్లు గంగావతికి దగ్గర్లోని హిరేబెణకల్ కొండ కూడా ఎక్కండి. రాతి పలకలు నిలబెట్టి, పైన ఇంకో పలక కప్పిన వందలాది సమాధులు పిల్లల ఆటబొమ్మల ఇళ్లలా కనబడతాయి. రెండు వేల ఏళ్లు దాటినవి. గుండు మీద నిలిపిన నగారా ఆకారపు బండ ఒకటి ఉంది, కొడితే మోగుతుంది. దారి తెలిసిన ఊరి మనిషిని వెంటబెట్టుకోండి, అడిగిన దానికంటె కాస్త ఎక్కువే ఇవ్వండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నడకకు అనువైన కాలం. ఎండ ఎక్కకముందే బయల్దేరి, పదకొండింటికల్లా నీడకు చేరుకోవాలి. అలాగని మరీ చీకటితో గుండ్ల మధ్యకు పోవద్దు, ఈ కొండల్లో చిరుతలూ ఎలుగుబంట్లూ ఉన్నాయి. నీళ్ల సీసా, టోపీ మరిచిపోకండి. చేతిలో అరటిపండు కనబడితే కోతులు ఊరుకోవు. పుట్టి చీకటి పడకముందే ఆగిపోతుంది. ఆనెగొందిలో కబుర్లలో పడి ఆలస్యమైతే హంపీ చేరడానికి కడేబాగిలు వంతెన మీదుగా చుట్టుతిరిగి రావాలి, అదీ ఆటో దొరికితే.