చతురంగమున ఆసనగుణము : బెర్లిన్ రక్షణ వ్యూహ పరిశీలనము

కౌటిలీయార్థశాస్త్రము సప్తమాధికరణమున సంధి, విగ్రహ, ఆసన, యాన, సంశ్రయ, ద్వైధీభావములను ఆఱు గుణములు వివరింపబడినవి. వీనిలో ఆసనమును అశక్తుని నిష్క్రియత్వముగా భావించువారు కలరు. అది సమంజసము కాదు. స్థానము, ఆసనము, ఉపేక్షణము పర్యాయపదములే యైనను ఆచార్యుడు వాని నడుమ భేదమును చూపెను. స్వవృద్ధికై నిలుచుట ఆసనము. ఉపాయములను ప్రయోగింపకుండుట ఉపేక్షణము. ఈ భేదమును గ్రహించుటకు ఆధునిక చతురంగమందలి బెర్లిన్ రక్షణ వ్యూహము తోడ్పడును. ఇట చూపునది సామ్యమే కాని చారిత్రక సంబంధము కాదు.

పందొమ్మిదవ శతాబ్దినుండి తెలిసియున్న ఈ వ్యూహపు ప్రధానశాఖలో ఎనిమిదవ ఎత్తునకే మంత్రు లిరువురును తొలగుదురు. నల్లరాజు స్వయముగా తెల్లమంత్రిని కొట్టుటచే కోట కట్టుకొను హక్కును కోల్పోవును. నల్లబంట్లు రెండు ఒకే నిలువు వరుసలో చేరును. పైకి ఇది నష్టముగనే తోచును. కాని మంత్రులు లేని బల్లపై రాజునకు అపాయము తక్కువ. నల్లపక్షమునకు శకటుల జంట మిగులును. తెల్లపక్షము తెల్లగడులలో తిరుగు తన శకటును గుఱ్ఱమునకై వ్యయపఱచినది. కావున ముందునకు సాగిన దాని బంటునకు ఎదుటనున్న తెల్లగడి నల్లబలములకు నిలుకడయైన నెలవగును.

అయినను ఊరక కూర్చున్నచో ఈ దుర్గము నిలువదు. ఇతర బలము లన్నియు మార్పిడియై బంట్లు మాత్రమే మిగిలినచో, రాజువైపున మూడు బంట్లకు ఎదురుగా నాలుగు బంట్లున్న తెల్లపక్షమునదే పైచేయి. ఏ బలమును మార్చుకొనవలెను, దేనిని నిలుపుకొనవలెనని అనుక్షణము వివేచింపవలెను. ఆసనము ఉపేక్షణముగా దిగజాఱు తావిదియే.

2000లో లండనునందు జరిగిన ప్రపంచ విజేతృత్వపు పోటీలో క్రామ్నిక్ నల్లబలములతో నాలుగు మారులు ఈ రక్షణమును ఆశ్రయించెను. నాలుగు ఆటలును సమముగా ముగిసెను. పదునైదు ఆటలలో ఒక్కటియు గెలువజాలక కాస్పరోవ్ 6½–8½ తేడాతో బిరుదమును కోల్పోయెను. 2013లో చెన్నైయందు జరిగిన పోటీ ఆఱవ ఆటలో, ఆనంద్ వేఱొక శాఖను గైకొని తొలిదశలో మంత్రుల మార్పిడిని నివారించినను, కార్ల్సెన్ ఓర్పుతో ఆడి ఏనుగుల అంత్యదశలో గెలుపొందెను.

మొదటిది ఆసనమున రక్షణశక్తిని, రెండవది అందు దాగిన వృద్ధిని తెలుపును. తగిన యదను కల్పించుకొనుటకై నిలుచువాడు యుద్ధమునుండి వైదొలగినవాడు కాడు. షాడ్గుణ్యమును బోధించువేళ ఈ భేదమును చదరంగపు బల్లపై విద్యార్థులకు ప్రత్యక్షముగా చూపవచ్చును.