హిట్స్ ఆల్బమ్ కొంటున్నారా? ముందు వెనక్కి తిప్పి చూడండి!

ఇంజినీరింగ్ హాస్టల్ అన్నాక గిటార్ పట్టుకుని తిరిగేవాడు ఒక్కడైనా ఉంటాడు. పులివెందుల జేఎన్‌టీయూ కావచ్చు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ కావచ్చు. వాడు నేర్చుకునే ఇంగ్లిష్ పాటల్లో ‘హోటల్ కాలిఫోర్నియా’ ఉండి తీరుతుంది. వినగా వినగా మీకూ నచ్చేస్తుంది. ఎవరిదీ పాట అని వెతికితే ఈగల్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ పేరు వస్తుంది. ఇంకాస్త వెతికితే ‘దెయిర్ గ్రేటెస్ట్ హిట్స్ 1971–1975’ కనిపిస్తుంది. అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ అన్న బిరుదు కూడా పక్కనే ఉంటుంది. ఇంకేం, ఫ్రెండ్ బర్త్‌డేకి ఇదే గిఫ్ట్ అని ఫిక్సయిపోతారు.

ఒక్క నిమిషం ఆగండి. ఆ ఆల్బమ్‌లో ‘హోటల్ కాలిఫోర్నియా’ లేదు.

అచ్చుతప్పేం కాదు. జవాబు పేరులోనే ఉంది. ఈ హిట్స్ ఆల్బమ్ 1976 ఫిబ్రవరిలో వచ్చింది. ‘హోటల్ కాలిఫోర్నియా’ అదే ఏడాది డిసెంబర్‌లో వచ్చింది. అంటే బ్యాండ్ తన అతిపెద్ద పాటను ఇంకా రికార్డు చేయకముందే ‘గ్రేటెస్ట్ హిట్స్’ మార్కెట్లోకి వచ్చేసింది! ఇంకో విషయం. ఆ పాట చివర్లో రెండు గిటార్లు పోటీపడి వాయిస్తాయి కదా, మన గిటార్ కుర్రాళ్లు ప్రాణం పెట్టేది అక్కడే. ఆ ఇద్దరిలో ఒకరైన జో వాల్ష్ 1975 చివర్లోగానీ బ్యాండ్‌లో చేరలేదు. కాబట్టి ఈ హిట్స్‌లో ఆయన గిటార్ ఒక్క పాటలోనూ వినపడదు. ఆ గిటార్ మీద మోజుతో కొంటే నిరాశ గ్యారంటీ.

మరి ఇందులో ఏముంది? మొదటి నాలుగు ఆల్బమ్‌ల నుంచి ఏరిన పది పాటలు. మొత్తం కలిపి 43 నిమిషాలు. ‘టేక్ ఇట్ ఈజీ’, ‘లయిన్ ఐస్’, ‘డెస్పరాడో’, ‘టేక్ ఇట్ టు ద లిమిట్’ లాంటివి. డ్రమ్స్ హోరు తక్కువ, పల్లెపాట వాసన ఎక్కువ. అమెరికన్ కంట్రీ సంగీతం కలిసిన రాక్ ఇది. గొంతులు కలిపి పాడే తీరు చాలా బాగుంటుంది. నా మట్టుకు నాకు పొద్దున్నే పులివెందుల నుంచి కడప బస్సెక్కితే, చీనీ తోటలు దాటుతుండగా వినడానికి ఇంతకంటే మంచి పది పాటలు తోచవు. గమ్మత్తేంటంటే, ‘డెస్పరాడో’ అసలు సింగిల్‌గా విడుదలే కాలేదు. హిట్టు కాని పాటను హిట్స్‌లో వేశారు. ఆ పాటకే ఇప్పుడు బోలెడంత పేరు. ఎవరో కూర్చుని ఏరడం వల్ల మంచీ జరుగుతుందనడానికి అదే రుజువు.

అమ్మకాల లెక్క చూసి మాత్రం పడిపోకండి. 2018లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం దీనికి 3 కోట్ల 80 లక్షల యూనిట్ల గుర్తింపు ఇచ్చింది. మైఖేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ను దాటింది అప్పుడే. అయితే యూనిట్ అంటే ఒక మనిషి షాపుకెళ్లి కొన్నాడని కాదు. 2016 నుంచి స్ట్రీమింగ్‌నూ కలుపుతున్నారు. 1,500 సార్లు పాట స్ట్రీమ్ అయితే ఒక ఆల్బమ్ అమ్మినట్టు లెక్క. అంకె నిజమే. కానీ అది మీకు నచ్చుతుందో లేదో చెప్పదు.

ఈ ఏరివేత వ్యవహారం మనకు కొత్తేమీ కాదు. మన ఉమ్మడి కడప జిల్లా తాళ్లపాక అన్నమయ్యనే తీసుకోండి. 32 వేల సంకీర్తనలు రాశాడని ప్రతీతి. రాగిరేకుల మీద దొరికినవే పన్నెండు వేల పైచిలుకు. మనలో చాలామందికి నోటికొచ్చినవి ఎన్ని? పాతిక కూడా ఉండవు. ఆ పాతికా ఎంచింది మనం కాదు. క్యాసెట్లు, కచేరీలు, సినిమా కలిసి ఎంచి పెట్టాయి. పాతికా గొప్పవే, కాదనం. కానీ అన్నమయ్య అంతేనా?

హిట్స్ ఆల్బమ్ కొనాలా వద్దా అన్నది బ్యాండ్‌ను బట్టి మారుతుంది. విడివిడి పాటలతో పైకొచ్చిన బ్యాండ్ అయితే ధైర్యంగా కొనొచ్చు. క్వీన్ ‘గ్రేటెస్ట్ హిట్స్’ 1981లో వచ్చింది. బ్రిటన్‌లో ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ ఇప్పటికీ అదే. అందులో బలహీనమైన పాట వెతకడం కష్టం. బీటిల్స్ ‘1’ ఆల్బమ్ 2000లో వచ్చింది. బ్రిటన్‌లోనో అమెరికాలోనో నంబర్ వన్ అయిన 27 పాటలే తీసుకున్నారు. రూల్ శుభ్రంగా ఉంది. అయితే ఆ రూల్ పుణ్యమా అని ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’ లాంటి పాట బయట ఉండిపోయింది.

పింక్ ఫ్లాయిడ్ దగ్గరికొస్తే నేను వద్దనే చెప్తాను. వాళ్ల ఆల్బమ్ అంటే మొదటి నుంచి చివరి వరకు ఒకే సినిమా. 2001లో వచ్చిన ‘ఎకోస్’ సంకలనంలో 23 నిమిషాలకు పైగా ఉండే అసలు ‘ఎకోస్’ పాటనే కత్తిరించి పెట్టారు. క్లైమాక్స్ తీసేసి హైలైట్స్ చూపించినట్టుంటుంది. అదే డబ్బుతో ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ కొనుక్కోండి. ఇక ఏసీ/డీసీ అయితే మామూలు గ్రేటెస్ట్ హిట్స్ ఆల్బమే తేలేదు. 2010లో ‘ఐరన్ మ్యాన్ 2’ సినిమా పేరుతో వచ్చిన 15 పాటల ఆల్బమే ఆ లోటు తీర్చింది.

‘అన్నీ ఫోన్లో వినపడుతుంటే అసలు కొనడమెందుకన్నా?’ అని మీరు అడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. వినడానికైతే అక్కర్లేదు. దాచుకోవడానికైతే కావాలి. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది. 2024లో మన దేశంలో రెస్సో వెళ్లిపోయింది, అదే ఏడాది వింక్‌నూ మూసేస్తున్నట్టు ప్రకటించారు. వాటిలో ఏళ్ల తరబడి పేర్చుకున్న ప్లేలిస్టుల సంగతి ఆలోచించండి. నెలనెలా కట్టేది అద్దె. ఇల్లు ఓనరుది.

అలాగని ఆవేశంగా సీడీ ఆర్డర్ పెట్టేస్తే, పెట్టేదెక్కడ? కొత్త ల్యాప్‌టాప్‌లకు డ్రైవే లేదాయె. యూఎస్‌బీ డ్రైవ్ విడిగా కొనుక్కోవాలి. వినైల్ రికార్డు అయితే కవర్ చూడముచ్చటగా ఉంటుందిగానీ, ప్లేయర్ లేకపోతే గోడకు తగిలించుకోవడానికే. నాణ్యత మాటకొస్తే సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్ల డేటా ఉంటుంది. మంచి ఎంపీత్రీలో 320. మామూలు ఇయర్‌ఫోన్స్‌తో, అదీ ఆర్టీసీ బస్సులో, తేడా కనిపెట్టడం నా చెవుల వల్ల కాదు. మీ వల్ల అయితే మీకో దండం. కానీ సీడీ చేతిలో ఉంటే ఫ్లాక్ ఫైళ్లుగా మార్చుకుని హార్డ్ డిస్క్‌లో భద్రంగా పెట్టుకోవచ్చు. ఏ యాప్ మూతపడినా అవి ఎక్కడికీ పోవు.

ప్రొద్దుటూరులో బంగారం కొనేటప్పుడు హాల్‌మార్క్ చూడకుండా గొలుసు తీసుకోం గదా? ఇక్కడా అంతే. వెనక వైపు పాటల లిస్టు చదవండి. ‘లైవ్’ అని ఉంటే అది కచేరీ రికార్డింగ్. ‘ట్రిబ్యూట్’ అని ఉంటే పాడింది వేరేవాళ్లు. కవర్ మీద బ్యాండ్ పేరు పెద్దగా, ఈ ముక్క చిన్నగా వేస్తారు, జాగ్రత్త. ‘రీ-రికార్డెడ్’ అని ఉంటే అదే బ్యాండ్ మళ్లీ పాడిందన్నమాట. డెఫ్ లెపర్డ్ తమ రికార్డు కంపెనీతో గొడవపడి 2012లో పాత హిట్లను ఇలాగే మళ్లీ చేసింది. ‘రీమాస్టర్డ్’తో భయం లేదు, పాత రికార్డింగ్‌నే శుభ్రం చేస్తారు. కాకపోతే కొన్నిటిలో సౌండ్ మరీ పెంచేసి, మెల్లగా ఉండాల్సిన చోటు కూడా గట్టిగా అరిచినట్టు చేస్తారు. కొనే ముందు ఫోన్లో ఓ రెండు పాటలు విని చూసుకోండి.

మళ్లీ ఈగల్స్ దగ్గరికి. ఆ బ్యాండ్‌లో మీకు తెలిసింది ‘హోటల్ కాలిఫోర్నియా’ ఒక్కటే అయితే హిట్స్ వద్దు, అదే పేరుతో ఉన్న 1976 ఆల్బమ్ తీసుకోండి. తొమ్మిదే ట్రాకులు. చివరి పాట ‘ద లాస్ట్ రిసార్ట్’ వరకు ఓపిగ్గా వినండి. పాతవీ కొత్తవీ అన్నీ ఒకేచోట కావాలంటే 2003లో వచ్చిన ‘ద వెరీ బెస్ట్ ఆఫ్’ ఉంది, రెండు సీడీల్లో 33 పాటలు. ‘1971–1975’ మాత్రం ఆ పది పాటలూ వరుసగా ఒకసారి విన్నాక, మధ్యలో ఒక్కటి కూడా స్కిప్ కొట్టాలనిపించకపోతేనే కొనండి. గిఫ్టుగా ఇచ్చేటట్టయితే ఇంకో పని చేయాలి. ఫ్రెండ్ ఇంట్లో సీడీ ప్లేయర్ ఉందో లేదో వాళ్ల తమ్ముణ్ని ముందే కనుక్కోండి.